గడియారం తిప్పే చట్టం జోలికి రావద్దు!

అయ్యలారా, అమ్మలారా! అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారాలు మార్చే పద్ధతిని ఎత్తేయాలని గొడవ చేస్తున్న వాళ్లందరికీ ఒక హెచ్చరిక. ఆ చట్టం జోలికి రావద్దు! మనిషికి అంతకంటే మేలు చేసే చట్టం ఈ దేశంలో ఇంకోటి లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పాలి. మార్చిలో ఒక ఆదివారం తెల్లారేసరికి గడియారం ఒక గంట ముందుకి దూకేసి ఉంటుంది. ఆ గంట పోయినట్టే. నవంబర్‌లో ఇంకో ఆదివారం గడియారం వెనక్కి జరిగి, పోయిన గంట తిరిగి చేతికొస్తుంది. అంతే. ఇందులో ఎవరికైనా నష్టం ఉందా? ఉందని గోల పెట్టేవాళ్లందరూ పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకునే బాపతు!

ఈ విషయంలో మాట్లాడే అర్హత ఉన్న మనిషి ఒకడున్నాడు. పేరు సుందర్ రాజ్. ఉండేది వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్లో. వారమంతా ఒక కంపెనీ డేటాబేస్‌లకి కాపలా కాస్తాడు. వీలు చిక్కిన ప్రతి పొద్దునా చీకటితోనే లేచి, చంటిపిల్లంత బరువున్న లెన్స్ భుజాన వేసుకుని, పక్షుల్ని ఫోటోలు తీయడానికి వెళ్తాడు. అలారం మోగితే భార్య పర్సిస్ లేస్తుంది. పర్సిస్ లేస్తే ప్రశ్నలు లేస్తాయి. అందుకని అలారం మోగకముందే లేచి దాని నోరు నొక్కేయడం అతని కాపురంలో మొదటి సూత్రం.

ఇలాంటి మనిషికి గడియారం మార్పు శాపమని మీరనుకుంటారు. పొరపాటు! అతనికది వరం. ఎలాగో వినండి.

ఆలస్యంగా వచ్చిన మనిషి ఏం చెప్పి తప్పించుకోవాలి? ట్రాఫిక్ అంటే ఫోన్‌లో మ్యాప్ తీసి చూపిస్తారు. ఒంట్లో బాలేదంటే మొహం కేసి చూస్తారు. అదే, 'టైమ్ చేంజ్ కదండీ' అని చూడండి! ఎదుటివాడు వెంటనే మెత్తబడిపోతాడు. 'నిజమేనండీ, నాక్కూడా రెండ్రోజుల్నుంచి తల దిమ్ముగానే ఉంది' అని తన గోడు వెళ్లబోసుకోవడం మొదలుపెడతాడు. క్షమాపణ చెప్పుకోవాల్సినవాడు ఎదుటివాణ్ణి ఓదార్చి పంపిస్తాడు. ఇంత గొప్ప సాకుని ఏ ప్రభుత్వమైనా ప్రజలకి ఉచితంగా ఇచ్చిందా?

మామూలు జనం దీన్ని నాలుగు రోజులు వాడి వదిలేస్తారు. సుందర్ రాజ్ ఈస్టర్ దాకా లాగుతాడు. ఒక ఏడాదైతే జూన్‌లో పళ్ల డాక్టర్ దగ్గరికి లేటుగా వెళ్లి, 'టైమ్ చేంజ్ ఇంకా అలవాటు కాలేదండీ' అన్నాడు. రిసెప్షనిస్ట్ నమ్మింది! అసలు సంగతేమిటంటే ఆ పొద్దున ఒక కొంగ చేపని ముక్కున కరుచుకుని, మింగకుండా అలాగే నిలబడిపోయింది. అది మింగేదాకా కదిలేది లేదని ఇతనూ నిలబడిపోయాడు.

కూతురు అబిగేల్‌కి పదేళ్లు. ఆ పిల్లని పియానో క్లాస్ నుంచి తీసుకురావడానికి లేటైనా అదే మంత్రం. "సారీ బంగారం, టైమ్ చేంజ్ కదా!" ఆ పిల్ల మెట్ల మీద కూర్చున్నది కాస్తా లేచి, బ్యాగ్ తగిలించుకుని, నేరుగా కారెక్కేది. చూశారా, పిల్లలక్కూడా ఎంత తేలిగ్గా అర్థమవుతుందో!

ఇక ఇంట్లో ఓవెన్ గడియారం సంగతి. దాన్ని మార్చడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. అయినా ఏడాదిలో కొన్ని నెలలు అది టైమ్ కరెక్ట్‌గా చూపిస్తుంది, ఎవరూ వేలు కూడా పెట్టకుండా! ఇంట్లో మనుషుల గురించి అంత మాట అనగలమా?

బంధుప్రేమలు పెరగడానిక్కూడా ఈ చట్టమే కారణం. పాలకొల్లులో ఉన్న సుందర్ రాజ్ పిన్ని మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి తప్పకుండా ఫోన్ చేస్తుంది. టైమ్ తేడా మళ్లీ మొదట్నుంచీ చెప్పించుకుంటుంది.

"నిన్నటిదాకా పదిన్నర గంటలు తేడా అన్నావు. ఇప్పుడు తొమ్మిదిన్నర అంటావేంట్రా? మధ్యలో గంటేమైంది?"

"గవర్నమెంట్ తీసేసుకుంది పిన్నీ. నవంబర్‌లో ఇచ్చేస్తారు."

"అప్పటిదాకా ఎవరి దగ్గరుంటుందిరా అది?"

ఈ ప్రశ్నకి అమెరికాలో చదువుకున్న సుందర్ రాజ్ దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?

ఆఫీసు విషయానికొస్తే, ఇతని టీమ్‌లో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. రోజూ అక్కడి సాయంత్రం కంపెనీ బస్సు కదిలేలోపు అందరూ కాల్‌లో మాట్లాడుకోవాలి. ఇండియా గడియారం మారదు, ఆ బస్సూ మారదు. మారాల్సింది షాంటిలీలో ఉన్నవాడే. అందుకని వేసవిలో ఎనిమిదింటికి ఉండే కాల్, నవంబర్‌లో ఏడింటికి వచ్చి కూర్చుంటుంది. అంటే అమెరికా ప్రభుత్వం పొద్దున్నే ఒక గంట వెలుగు తెచ్చి చేతికిస్తే, హైదరాబాద్ బస్సు దాన్ని ఎక్కించుకుని వెళ్లిపోతుంది! చలికాలమంతా సుందర్ రాజ్‌కి మిగిలేవి శని, ఆదివారాల పొద్దులే. అందులోనూ ఆదివారం పదింటికి చర్చి. దొరికేది కాస్తే కాబట్టి దాని విలువ తెలిసొస్తుంది కదా? ఇదీ మేలే!

ఇన్ని మేళ్లు చేసిన చట్టం ఈ ఏడాది మార్చిలో అతనికి ఇంకో మేలు చేసింది. అదే అసలు చెప్పాల్సింది.

పొటోమాక్ నది ఒక మలుపులో చలికాలమంతా తెల్ల హంసలు దిగి ఉంటాయి. ఎక్కడో అలాస్కా వైపు నుంచి వస్తాయి. మార్చిలో ఒక పొద్దున అన్నీ కలిసి లేచి వెళ్లిపోతాయి. ఏ పొద్దునో చెప్పి వెళ్లవు. గుంపంతా ఒక్కసారి నీళ్ల మీంచి లేచే ఫోటో కోసం సుందర్ రాజ్ మూడేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. శనివారం వాన పడింది. మర్నాడు ఎండ కాస్తుందని, ఆకాశం శుభ్రంగా ఉంటుందని చెప్పారు. ఇక ఆగవు, ఆదివారమే లేస్తాయి అనుకున్నాడు.

ఆ ఆదివారమే గడియారం మారే ఆదివారం. ఆ ఆదివారమే చర్చిలో అబిగేల్ అందరి ముందూ ఒక్కతే నిలబడి పాడబోయే మొట్టమొదటి స్పెషల్ సాంగ్!

ఆ పాట మామూలు పాట కాదు. పర్సిస్ తాతగారు పల్లెల్లో సువార్త చెప్పుకుంటూ తిరిగిన రోజుల్లో కట్టుకున్న పొద్దుపొడుపు పాట. ఎక్కడా అచ్చు కాలేదు. పర్సిస్ నోటితో చెబితే, అబిగేల్ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నెల్లాళ్లు నేర్చుకుంది. స్నానాల గదిలో పాడింది, కార్లో పాడింది, ఓవెన్ ముందు నిలబడి పాడింది. శనివారం సాయంత్రం తండ్రి దగ్గరికొచ్చి ఒకే ఒక్కటి అడిగింది.

"నాన్న, యూ షుడ్ సిట్ ఇన్ ద ఫస్ట్ రో. ఓకే? నేను నిన్నే చూసి పాడతాను. వేరే వాళ్లని చూస్తే నాకు భయం."

"ఫస్ట్ రోలోనే ఉంటాను, ప్రామిస్!" అన్నాడు సుందర్ రాజ్. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

పర్సిస్ మాత్రం అతని కేసి చూసి, "రేపొక్క రోజు మానేయకూడదా?" అంది.

"ఎందుకు మానాలి? రెండూ అవుతాయి" అన్నాడు.

ఎలా అవుతాయంటారా? లెక్క పక్కాగా వేసుకున్నాడు మరి. వాళ్ల తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి హాల్ అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటుంది. కాగితం మీద టైమ్ పది. పదింటికి పాస్టర్ గారు, కుర్చీలు మాత్రమే ఉంటారు. పదిన్నరకి కీబోర్డ్ వస్తుంది. కీబోర్డ్ వాయించేవాడు ఆ తర్వాతెప్పుడో వస్తాడు. సంఘం పుట్టినప్పట్నుంచీ పదకొండు లోపల స్పెషల్ సాంగ్ విన్నవాళ్లు లేరు. పైగా గడియారం ముందుకి దూకిన రోజు! సగం మంది మర్చిపోతారు, మిగతా సగం నిద్ర లేవరు. ఇంత నమ్మకమైన ఆలస్యాన్ని నమ్ముకోకపోతే ఇక దేన్ని నమ్ముకోవాలి?

పొద్దున్నే నది ఒడ్డుకి చేరాడు. పొగమంచు లేచింది, సూర్యుడు వచ్చాడు. గడియారాన్ని ఎవరు తిప్పారో ఆయనకి తెలియదు, తెలిసినా పట్టించుకునే రకం కాదు. హంసలు మెడలు నిక్కించి ఒకదాన్నొకటి పిలుచుకోవడం మొదలుపెట్టాయి. బయల్దేరాల్సిన టైమ్ అయింది. 'ఇంకొక్క పది నిమిషాలు' అనుకున్నాడు. ఆ పది నిమిషాలు అయ్యాక ఇంకో పది నిమిషాలు అనుకున్నాడు. అప్పుడు లేచాయి! నది మొత్తం తెల్లగా లేచి నెత్తి మీదుగా వెళ్లిపోయింది. సుందర్ రాజ్ వేలు షట్టర్ మీంచి తీయలేదు. ఫోటోలు ఎంత బాగా వచ్చాయంటే, ఇప్పటికీ అతను వాటిని తెరిచి చూడడు. ఎందుకో చెప్తాను.

కార్లోనే చొక్కా మార్చుకుని, బురద బూట్లతోనే చర్చికి వచ్చాడు. పదిన్నరకి ఇంకా నాలుగు నిమిషాలుంది. తన లెక్క ప్రకారం కీబోర్డ్ కంటే ముందొచ్చినట్టు లెక్క! తీరా చూస్తే పార్కింగ్ లాట్ నిండిపోయి ఉంది. అమెరికన్ చర్చి వాళ్ల పెళ్లేదైనా ఉందేమో అనుకున్నాడు. కార్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాడు. అన్నీ మనవాళ్లవే.

గుమ్మం దగ్గర జ్ఞానమ్మ గారు నిలబడి ఉన్నారు. నర్సాపురంలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి, సంఘంలో అందరికీ పెద్ద దిక్కు. అసలు కథంతా నడిపింది ఆవిడే. వారం రోజులుగా వాట్సాప్ గ్రూప్‌లో ఆవిడ పంపిన సందేశం ఇది: 'ప్రియులారా, శనివారము రాత్రి పరుండక మునుపే మీ గడియారములను ఒక గంట ముందుకు త్రిప్పుకొనుడి. ఆలస్యము చేయకుడి.' పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గ్రూప్‌ని ఎప్పుడో మ్యూట్‌లో పెట్టుకున్న సుందర్ రాజ్ తప్ప అందరూ చదివారు, చదివి హడలిపోయారు. ఫోన్ దానంతటదే మారిందని తెలియక, పొద్దున లేచి దాన్ని చూసి గోడ గడియారాన్ని ఇంకో గంట ముందుకి తిప్పినవాళ్లున్నారు. వాళ్లు తొమ్మిదింటికే వచ్చి తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డారు. వాళ్ల కార్లు చూసి మిగతావాళ్లు తామే లేటనుకుని పరుగెత్తుకొచ్చారు. పదింటికి హాలు కిటకిటలాడింది. పాస్టర్ గారు ఇలాంటి రోజు మళ్లీ వస్తుందో రాదో అని, ఠంచనుగా పదింటికి ప్రార్థన మొదలుపెట్టేశారు. పిల్లలు సండే స్కూల్‌కి వెళ్లకముందే వాళ్ల పాటలు కానిచ్చేద్దామన్నారు.

"ఏంటి బాబూ, ఇప్పుడా రావడం?" అన్నారు జ్ఞానమ్మ గారు. "పాప పాడేసిందయ్యా! ఎంత బాగా పాడిందనుకున్నావు? నాకైతే కన్నీళ్లు ఆగలేదు. అటూ ఇటూ చూస్తా ఉంటే, నువ్వు ఏ మూలనో నిలబడి ఫోటోలు తీస్తన్నావేమో అనుకున్నాను."

సుందర్ రాజ్ లోపలికి వెళ్లాడు. మొదటి వరసలో అబిగేల్ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోకుండా దాని మీద ఆ పిల్ల తన గులాబీ రంగు జాకెట్ పరిచి ఉంచింది. హాలు అంత నిండినా ఆ కుర్చీ మాత్రం ఖాళీ. తండ్రిని చూసి జాకెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సారీ రా బంగారం..."

"ఇట్స్ ఓకే నాన్న," అంది అబిగేల్ ముందుకే చూస్తూ. "టైమ్ చేంజ్ కదా."

ఎన్నేళ్లుగానో ఊరంతా పంచిపెట్టిన సాకు అది. తన కూతురు మడతపెట్టి తిరిగి తన చేతిలోనే పెట్టింది. అందులో ఎగతాళి కూడా లేదు, అదే అతను తట్టుకోలేకపోయాడు. అటుపక్కనున్న పర్సిస్ పాటల పుస్తకం తెరిచి అతని చేతికిచ్చింది. ఆవిడ నాలుగు దులిపినా బాగుండేది.

ఎవరో ఫోన్‌లో రికార్డ్ చేశారని తెలిసి, బతిమాలి తెప్పించుకున్నాడు. అందులో ముందు నిలబడ్డ ఒకాయన బట్టతల కనబడుతుంది. దాని పక్కన అప్పుడప్పుడూ అబిగేల్ మోచెయ్యి కనబడుతుంది. పాట మొదట్లో గొంతు వణికింది, ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ ఆగినప్పుడు ఆ పిల్ల ఖాళీ కుర్చీని చూసి ఉంటుంది. ఇంకెవర్ని చూస్తుంది?

ఆ రోజుతో సుందర్ రాజ్ పతనం మొదలైంది. సాకు నోటికి రావడం మానేసింది. పియానో క్లాస్ అయ్యేసరికి మెట్ల ముందు కారుతో సిద్ధం. పళ్ల డాక్టర్ దగ్గరికి ముందే వెళ్లి పాత మ్యాగజైన్లు తిరగేయడం. కొంగ ముక్కున చేపుండగానే బ్యాగ్ సర్దుకుని వచ్చేయడం! ఒక మంచి కళాకారుడు ఎంత దిగజారిపోయాడో చూడండి.

నవంబర్ వచ్చింది. గడియారం వెనక్కి వెళ్లే ముందురోజు అబిగేల్ వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నాన్న, రేపు ఎక్స్‌ట్రా అవర్ వస్తుంది కదా?"

"వస్తుంది."

"అది నాకు కావాలి. దట్స్ మైన్."

"నీదే. ఏం చేద్దాం? పాన్‌కేక్స్ తినడానికి వెళ్దామా?"

"నో. నీ బర్డ్స్ దగ్గరికి తీసుకెళ్లు."

మర్నాడు చీకటితో ఇద్దరూ నది ఒడ్డుకి వెళ్లారు. ఆ ఏటి మొదటి హంసల గుంపు అప్పుడే దిగింది, చిన్న గుంపు. ఒడ్డు పొడవునా ఫోటోగ్రాఫర్లు లెన్సులు గురిపెట్టి నిలబడ్డారు. అక్కడ తుమ్మొచ్చినా మోచేతిలో దాచుకోవాలి, చాక్లెట్ కాగితం విప్పినా నేరం. తూర్పున ఎర్రబడుతోంది. అబిగేల్ నాలుగడుగులు ముందుకి వేసి, తండ్రి వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. సుందర్ రాజ్‌కి అర్థమయ్యేలోపే గొంతెత్తి ముత్తాత పాట అందుకుంది!

హంసలు మెడలెత్తాయి. రెండో చరణానికి అన్నీ లేచి నది అవతలి ఒడ్డుకి వెళ్లిపోయాయి. వరసలో ఉన్న ఫోటోగ్రాఫర్లందరి తలలూ ఇటు తిరిగాయి. మార్చి నాటి సుందర్ రాజ్ అయితే ఈ పిల్ల ఎవరో తనకి తెలియదనేవాడు.

ఇప్పుడతను లెన్స్ కూతురి వైపు తిప్పాడు. దాంట్లో ఒక కనుబొమ్మ కనిపించింది, అదీ మసకగా. నదికి అవతల ఉన్న పక్షి ఈకలు లెక్కపెట్టే లెన్స్, నాలుగడుగుల దూరంలో ఉన్న పిల్లని చూడలేకపోయింది. వెనక్కి నడిచాడు. ఇంకా నడిచాడు. పిల్ల మొత్తం ఫ్రేమ్‌లో పట్టేసరికి బురద గుంటలో ఉన్నాడు, బూట్లలోకి చల్లటి నీళ్లొచ్చాయి. అక్కడికి పాట సరిగ్గా వినబడటం లేదు.

సుందర్ రాజ్ కెమెరా మెడలో వదిలేశాడు. బురదలోంచి పైకొచ్చి, వచ్చి వచ్చి, సరిగ్గా కూతురి ముందు తడి గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

అబిగేల్ పాట ఆపింది. ఒక్క క్షణం అతన్నే చూసింది. "ఓకే. ఫస్ట్ నుంచి," అని మళ్లీ మొదటి చరణం ఎత్తుకుంది. ఈసారి గొంతు ఎక్కడా ఆగలేదు. ఫోటో ఒక్కటీ లేదు.

అక్కణ్ణుంచి నేరుగా చర్చికి వెళ్లి, గంట కలిసొచ్చింది కాబట్టి సరిగ్గా పదింటికి లోపల అడుగుపెట్టారు. హాల్లో పాస్టర్ గారు, కుర్చీలు. గంట ఎక్కువ నిద్ర దొరికిందని సంఘమంతా ఇంకా పక్కల మీదే ఉంది. జ్ఞానమ్మ గారు ఈసారి సందేశం పంపడం మర్చిపోయారట. తండ్రీకూతుళ్లు ఎవరూ లేని హాల్లో మొదటి వరసలో కూర్చున్నారు. అతని సాక్సుల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

కాబట్టి గడియారాల మీద పోరాడే పెద్దలారా, మీరే చెప్పండి. కొంగ చేపని మింగేదాకా నిలబడగలిగిన మనిషికి, కూతురి పాట దగ్గర కూర్చోవడానికి టైమ్ ఎందుకు లేకపోయింది? అది గడియారం తప్పా? అతని చేత ఒక్క గంట ఇప్పించడానికి అమెరికా ప్రభుత్వం దేశంలో ఉన్న గడియారాలన్నీ తిప్పాల్సి వచ్చింది! అలాంటి మొగుళ్లు, అలాంటి తండ్రులు ఇంటికొకరు ఉన్నంతకాలం ఆ చట్టం ఉండాల్సిందే.

ఆ ఖాళీ హాల్లో సుందర్ రాజ్ జేబులో ఫోన్ మోగింది. పాలకొల్లు నుంచి పిన్ని.

"ఏరా, మీ గంట మీకిచ్చేశారా?"

"ఇచ్చారు పిన్నీ."

"మరి ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుందిరా అది?"

సుందర్ రాజ్ పక్కకి చూశాడు. అబిగేల్ తన గులాబీ రంగు జాకెట్ తీసి, అతని తడిసిన కాళ్ల మీద కప్పుతోంది.

"పాప దగ్గరుంది పిన్నీ," అన్నాడు.